పెళ్ళికూతురి రుమాలుకు పసుపు పెట్టాను

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని కువైట్‌లో నన్ను ఎరిగినవాళ్ళందరూ అంటారు. అబద్ధమేమీ కాదు. దజీజ్‌లో గోడౌన్ల వెనక సందులో ఉన్న ఒక కుట్టు దుకాణంలో పదకొండేళ్ళుగా ఆల్టరేషన్ పని చేస్తున్నాను. అంతకు ముందు జహ్రాలో ఒక కువైటీ ఇంట్లో పనిమనిషిని. అక్కడి మామా, అంటే ఆ ఇంటి యజమానురాలి, కూతుళ్ళ గౌన్లకు అంచులు మడిచి కుడుతూ సూది పట్టు నేర్చుకున్నాను, దానితోపాటు పొగరూ నేర్చుకున్నాను. నా కుట్టుకు వంక పెడితే అది వీసా ఇచ్చిన కఫీల్ అయినా సరే, ఊరుకునే రకం కాదు. అలాంటిదాన్ని ఒక పెళ్ళికూతురి ముందు తలెత్తలేక నిలబడ్డాను. చెప్పుకుంటే సిగ్గు తగ్గుతుందని కాదు గానీ, ఆ పిల్ల మీద నాకున్న కృతజ్ఞతను ఎక్కడో ఒకచోట దించుకోవాలి కదా. అందుకు రాస్తున్నాను.

ఆమెది ఐర్లండ్. ఇక్కడ ఒక బడిలో చిన్నపిల్లలకు పాఠాలు చెబుతుంది. పెళ్ళికొడుకూ ఆ దేశంవాడే, ఇక్కడే పరిచయమయ్యారు. ఇద్దరి స్నేహితులూ కువైట్‌లోనే ఉన్నారని, పెళ్ళి కూడా ఇక్కడే పెట్టుకున్నారు. శుక్రవారం ఉదయం చర్చి, సాయంత్రం కబ్ద్‌లో ఎవరో తెలిసినవాళ్ళ తోటలో విందు. పెళ్ళికూతురి తల్లి రావలసింది. రెండు వారాల ముందు మెట్ల మీద జారి కాలు విరగ్గొట్టుకుంది. విమానం ఎక్కే ప్రశ్నే లేదన్నారు డాక్టర్లు.

ఆ సోమవారం గౌను అంచు సరిచేయించుకోవడానికి దుకాణానికి వచ్చింది. నేను కింద కూర్చుని పిన్నులు గుచ్చుతుంటే పైనుంచి మాట్లాడుతూనే ఉంది. నాది దుకాణం ఇంగ్లీషు, ఆమె నా కోసం నిదానంగా మాట్లాడేది. వాళ్ళ పెళ్ళి ముచ్చట్లు అన్నీ అప్పుడే విన్నాను. కొత్త దంపతులకు చిన్న గంట ఒకటి ఇస్తారట. పోట్లాట వచ్చినప్పుడు ఎవరో ఒకరు దాన్ని మోగిస్తే ఇద్దరూ నోరు మూసుకోవాలి. మా ఇంట్లో ఆ గంట ఉంటే రెండు రోజుల్లో దాని నాలుక ఊడిపోయేది. పెళ్ళికి వాన పడకుండా బాలయేసు బొమ్మను తోటలో బయట పెడతారట. వాళ్ళ ఊళ్ళో ఎండ అంత అరుదు. ఎండుపళ్ళను సారాలో నానబెట్టి కేకు చేస్తారట. ఇక్కడ సారా దొరకదు కాబట్టి టీ డికాషన్‌లో నానబెట్టిందట పిల్ల. చెప్పులో నాణెం పెట్టుకునే ఆచారం మాత్రం వదిలేసింది, బొబ్బ లేస్తుందని.

"చేతులు కట్టేది ఒకటుంది" అంది. వధూవరుల చేతులను తాడుతో కలిపి ముడి వేసి, మాట ఇచ్చిపుచ్చుకునేదాకా విప్పరట.

"మాకూ ఉంది. కొంగుకు కొంగు" అన్నాను నేను, గొప్పగా.

"నిజం చెప్పనా, మా అమ్మమ్మ పెళ్ళిలో ఇది లేదు, మా అమ్మ పెళ్ళిలోనూ లేదు. చాలా పాతది. మధ్యలో పోయి, ఇప్పుడు ఫోనుల్లో చూసి మళ్ళీ అందరూ చేసుకుంటున్నాం" అని నవ్వింది.

ఆ మాటకు నాకు ఆమె మీద ఇష్టం కలిగింది. మావాళ్ళు అలా ఒప్పుకోరు. మా అన్నమయ్య జిల్లా పల్లెల్లో ఇప్పుడు నలుగు అనే మాటే మరిచిపోయి, పచ్చ బట్టలు కట్టి, పచ్చ గొడుగులు పెట్టి హల్దీ అంటున్నారు. అడిగితే తరతరాలుగా ఉందంటారు. ఈ పిల్ల ఉన్నదున్నట్టు చెప్పింది. తాడు నేనే అల్లి ఇస్తానన్నాను. మూడు రంగుల రిబ్బన్లు అక్కడికక్కడే ఎంచుకుంది.

అప్పుడు సంచీలోంచి చిన్న డబ్బా తీసింది. అందులో పసిపిల్లల టోపీ, తెల్లటి నారబట్ట, అంచున సన్నని లేసు. నా అరచేతిలో పట్టేంత ఉంది. వాళ్ళ అమ్మమ్మ కుట్టిందట, ఈ పిల్ల పుట్టినప్పుడు చర్చిలో పేరు పెట్టే రోజున తలకు పెట్టడానికి. అది టోపీలా కనబడుతుంది గానీ నిజానికి చేతిరుమాలు. నాలుగు కుట్లతో కుచ్చు పోసి టోపీ చేస్తారు. ఆ ఆడపిల్ల పెళ్ళినాడు ఆ నాలుగు కుట్లు విప్పితే మళ్ళీ రుమాలు అవుతుంది. కన్నీళ్ళు తుడుచుకోవడానికి పెళ్ళికూతురు దాన్ని చేతిలో పట్టుకుంటుంది. మళ్ళీ ఆమెకు బిడ్డ పుడితే మళ్ళీ నాలుగు కుట్లు. అమ్మమ్మ పోయి నాలుగేళ్ళయింది. ఆమె చేతిది అంటూ ఈ పిల్ల దగ్గరున్నది అదొక్కటే. తల్లి ఎవరితోనో పంపింది.

"నాకు సూది పట్టడం రాదు. కత్తెర పెట్టాలంటే భయం. నువ్వు విప్పుతావా?" అని అడిగింది.

అంత అడగాలా? రెండు చేతులతో అందుకున్నాను. కుట్లు విప్పి, ఉతికి, ఇస్త్రీ చేసి బుధవారం సాయంత్రానికి ఇస్తానన్నాను.

బుధవారం మధ్యాహ్నం కుట్లు విప్పాను. ముప్పై ఏళ్ళ నాటి దారం, అయినా పట్టు వదల్లేదు. ఆ ముసలావిడ చేయి ఎంత నిదానమైనదో ఆ కుట్టు చూస్తేనే తెలుస్తుంది. బట్టలో ఒక్క పోగు కదలకుండా తీశాను. పువ్వులా చేతిలో విచ్చుకుంది. గోరువెచ్చని నీళ్ళలో ఉతికి, ఆరబెట్టి, నేనే ఇస్త్రీ చేశాను. మా దుకాణంలో ఇస్త్రీ పని కోనసీమ నుంచి వచ్చిన పెద్దాయనది. ఆయన్ను నేను మా ఊరి అలవాటున చిన్నాయనా అంటాను. ఆ రోజు ఆయన్నీ తాకనివ్వలేదు.

ఆ తర్వాత నేను చేసింది ఇది. నా సొరుగులో చిన్న పసుపు డబ్బా ఉంటుంది. మనవాళ్ళ పెళ్ళి బట్టలు ఏవి కుట్టినా, ఇచ్చే ముందు లోపలి అంచున పసుపు చుక్క పెట్టి ఇస్తాను. కొత్త బట్టకు పసుపు పెట్టకుండా ఎవరిస్తారు? తెల్లవాళ్ళ గౌన్లకు, అరబ్బుల గౌన్లకు ఎన్నడూ పెట్టలేదు. ఆ రోజు మాత్రం రుమాలు మడిచి డబ్బాలో పెట్టబోతూ, పెళ్ళికూతురిది కదా అనుకున్నానో, అసలేమీ అనుకోలేదో, వేలు తడిపి నాలుగు మూలలా పసుపు అద్దేశాను. నాలుగో మూల అయ్యాక గానీ నాకు స్పృహ రాలేదు.

"అదేంటమ్మాయ్! తెల్లోళ్ళ గుడ్డకి పసుపెట్టేత్తన్నావేంటి?" అని ఇస్త్రీ బల్ల దగ్గర నుంచి చిన్నాయన అరిచాడు.

పరుగెత్తి నీళ్ళ కుళాయి కింద పెట్టి, సబ్బు రుద్దాను. సబ్బు తగలగానే పసుపు ఎర్రబడింది. కుంకుమ నీళ్ళలా నాలుగు మూలలా ఎర్రటి మరకలు. ఆ లేసు మీద రక్తం చిందినట్టుంది. ఇంకా రుద్దాను, ఇంకా ఎర్రబడింది.

"ఆపమ్మాయ్, ఆపు! సబ్బు తగిల్తే పసుపు ఎర్రగా మారిపోద్ది, తెలీదా? సున్నం కలిపితే పారాణి అవ్వట్లేదా?"

"గమ్మునుండు చిన్నాయనా! నాకు తెల్దా?" అని కసురుకున్నాను. తెలుసు. నలభై ఏళ్ళుగా పసుపూ సున్నం కలుపుతున్నదాన్ని. ఆ క్షణాన బుర్ర పనిచెయ్యలేదు, అంతే. నా చేతులు విరిగిపోను.

ఆయన నా మాటకు కోపం తెచ్చుకోలేదు. పక్కనున్న బకాలా కొట్టుకు వెళ్ళి నిమ్మకాయలు తెచ్చి పిండాడు. నిమ్మరసానికి ఎరుపు పోయి మళ్ళీ పసుపు రంగుకు దిగింది. అక్కడ ఆగిపోయింది.

"ఇంక దీనికి ఎండే మందు. పసుపుకి ఎండంటే పడదు. డాబా మీద ఒక పూట ఎండబెట్టేత్తే మాయమైపోద్ది" అన్నాడు.

బయటికి చూశాం. ఎండ ఎక్కడిది? పొద్దుటి నుంచీ దుమ్ము గాలి. ఆకాశమంతా చెంగావి రంగు. ఎదురుగా ఉన్న గోడౌన్ కనబడటం లేదు. ఏడాది పొడుగునా మాడ్చి చంపే ఎండ, నాకు కావలసిన పూటే లేదు.

"ఆ అమ్మాయొత్తే మిషన్ పాడైందని చెప్పు. రేపు రమ్మను. ఈలోపు ఎండొచ్చేత్తాది" అన్నాడు చిన్నాయన.

నాకూ అదే బుద్ధి పుట్టింది, దాచడమెందుకు. మాట కూడా తయారు చేసుకున్నాను. కానీ ఆ పిల్ల స్కార్ఫ్ ముఖానికి చుట్టుకుని, దుమ్ములో కళ్ళు నలుపుకుంటూ లోపలికి వచ్చి, "అయిందా?" అని అడిగిన తీరు చూసి ఆ మాట వదిలేశాను. రుమాలు విప్పి బల్ల మీద పరిచాను. ఇది నేనే చేశానని చెప్పాను.

ఒక మూల వేలితో తడిమింది. స్టూలు మీద కూర్చుంది. ఆమె కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి.

"నేను కుట్లు విప్పమని మాత్రమే కదా అడిగాను" అంది.

తిట్టి ఉంటే తిరిగి ఏదో ఒకటి అనేదాన్ని, నా సంగతి నాకు తెలుసు. ఆమె తిట్టలేదు. మాలో కొత్త బట్టకు పసుపు పెడతామని, మంచి జరగాలని పెడతామని చెప్పాను. చెబుతుండగానే అది సంజాయిషీలా నాకే వినబడింది. మరి నీ దేశం కాని పిల్ల బట్టకు ఎందుకు పెట్టావే అని నన్ను నేనే అడుక్కున్నట్టు, అసలు సంగతి నోట్లోంచి వచ్చేసింది.

రెండేళ్ళ కింద మా పాప పెళ్ళి జరిగింది. సరిగ్గా అప్పుడే నా ఇఖామా, ఇక్కడ ఉండటానికిచ్చే అనుమతి, రెన్యువల్‌లో ఆగిపోయింది. దేశం దాటితే తిరిగి రానివ్వరు. ముహూర్తం మార్చమంటే మగపెళ్ళివారికి కుదరలేదు. మా పాప పెళ్ళి నేను ఈ దుకాణంలోనే, బట్టలు మార్చుకునే గదిలో తలుపేసుకుని ఫోనులో చూశాను. దాని మధుపర్కాలకు మా వదిన పసుపు పెట్టింది. చక్కగానే పెట్టింది, ఆమెను అనడానికేం లేదు. కానీ అది నా చేతి పని. అప్పటినుంచీ పెళ్ళిబట్ట ఏది చేతికొచ్చినా నా వేలు డబ్బా వైపే లాగుతుంది. ఇదంతా వచ్చీరాని ఇంగ్లీషులో, మధ్య మధ్య మన భాషలో చెప్పేశాను. చెబుతూ నేనూ ఏడ్చాను.

ఆ పిల్ల పర్వాలేదు అనలేదు. అననందుకు నాకు ఆమె మీద గౌరవం పెరిగింది. పర్వాలేదని ఎలా అంటుంది, అది వాళ్ళ అమ్మమ్మది. ముఖం తుడుచుకుని, రుమాలు నా వైపే జరిపింది.

"ఎండ వస్తే పోతుందా?"

"పోతాది" అన్నాను. నాకు తెలియదు నిజానికి.

తలుపు దగ్గరికి వెళ్ళి ఆగింది. "పొద్దున మా అమ్మ కట్టుకాలుతో కుంటుకుంటూ వెళ్ళి బొమ్మను తోటలో పెట్టిందట. కువైట్‌లో పెళ్ళికి ఎండ కోసం ఐర్లండ్‌లో బొమ్మ పెట్టావా అని ఫోనులో నవ్వాను" అంది. ఏడుపులోనే నవ్వు వచ్చింది ఆమెకు. మళ్ళీ ఆ దుమ్ములోకి వెళ్ళిపోయింది.

గురువారం పొద్దున లేచి చూస్తే అదే దుమ్ము. దుకాణానికి వచ్చి రిబ్బన్ల తాడు అల్లుతూ నిమిషానికోసారి వాకిట్లోకి పోయి చూశాను. పది దాటాక గాలి తిరిగింది. గోడౌన్ గోడ కనబడింది, ఆ తర్వాత దాని మీది అక్షరాలు కనబడ్డాయి, ఆ తర్వాత ఎండ. నేను మెట్లు ఎక్కిన వేగానికి నా కాళ్ళు ఎందుకు విరగలేదో తెలియదు.

డాబా మీద తెల్ల దుప్పటి పరిచి, దాని మీద రుమాలు పిన్నులతో గుచ్చి, పక్కనే కూర్చున్నాను. ఎక్కడ దుమ్ము పడుతుందో, ఎక్కడ పావురం రెట్ట వేస్తుందో అని కళ్ళు తిప్పలేదు. అరగంటకోసారి నిమ్మనీళ్ళు చల్లాను. నడినెత్తిన ఎండ. చిన్నాయన కింద నా పనీ తన పనీ రెండూ చూసుకుంటూ, మధ్యలో మజ్జిగ తెచ్చి ఇచ్చాడు.

"నిన్న నిన్ను కసురుకున్నా చిన్నాయనా. మనసులో పెట్టుకోవద్దు" అన్నాను.

"నువ్వు కసురుకోని రోజేదో చెప్పమ్మాయ్, ఆ రోజే కంగారు పడతాను" అన్నాడు. మనిషికి మనిషి ఉండటం అంటే ఏమిటో ఆ డాబా మీద నాకు బాగా తెలిసింది.

పసుపు నా కళ్ళ ముందే పలచబడింది. మొదట నిమ్మపండు రంగు, తర్వాత వెన్న రంగు, తర్వాత వెతికినా కనబడనంత తెలుపు. నేను మా దేవుడికి దండం పెట్టుకుని, ఎందుకైనా మంచిదని ఐర్లండ్‌లో వాళ్ళమ్మ తోటలో నిలబడి ఉన్న బాలయేసుకు కూడా పెట్టుకున్నాను. ఎండ ఎవరు పంపారో తేల్చడానికి నేనెవరిని? నెత్తి మాడిపోతున్నా అంత సంతోషంగా ఎండలో ఎన్నడూ కూర్చోలేదు.

మూడు మూలలు పూర్తిగా పోయాయి. నాలుగో మూల అంచు రెండు మడతలుగా ఉంది, ఆ మడత లోపలికి ఎండ దిగలేదు. దారమంత పసుపు గీత మిగిలింది. సాయంత్రం ఆ పిల్ల వచ్చినప్పుడు అది కూడా చూపించాను. అంచు కుట్టు విప్పి, మడత తెరిచి ఎండలో పెడితే అదీ పోతుందని, రేపు సాయంత్రం విందుకల్లా మళ్ళీ కుట్టి ఇస్తానని చెప్పాను.

కిటికీ వెలుతురులో తిప్పి తిప్పి చూసింది. "వద్దు. ఈ అంచు అమ్మమ్మ కుట్టింది. విప్పితే ఆమె చేయి పోతుంది. ఇది ఉండనీ" అంది. నేను ఇంకేదో అనబోతే చేయి అడ్డం పెట్టింది. "ఖలాస్" అంది, మాలాగే. ఆ తర్వాత, "రేపు కబ్ద్‌కు సూదీ దారం తీసుకుని రా. గౌనుకు ఏదైనా అయితే చూడటానికి నాకు మనిషి కావాలి" అంది. నా చేతిని మళ్ళీ నమ్మానని అంతకంటే తిన్నగా ఎవరు చెబుతారు? ఆమె వెళ్ళాక బట్టలు మార్చుకునే గదిలోకి పోయి కాసేపు కూర్చున్నాను.

శుక్రవారం సాయంత్రం దుకాణం వ్యాన్‌లో చిన్నాయనా నేనూ కబ్ద్ వెళ్ళాం. తోటలో ఖర్జూరం చెట్ల మధ్య కుర్చీలు వేశారు. ఒక మూల గొర్రెల దొడ్డి, అవి అరుస్తూనే ఉన్నాయి. అరవై మంది దాకా వచ్చారు. చర్చిలో పెళ్ళి పొద్దున అయిపోయింది, చేతులు కట్టేది మాత్రం ఇక్కడికి ఉంచుకున్నారు. ముందు వరసలో ఒక కుర్చీ ఖాళీగా వదిలి, దాని ముందు స్టాండు మీద ఫోను పెట్టారు. అందులో పెళ్ళికూతురి తల్లి, కట్టుకాలు దిండు మీద చాపుకుని, మెడలో ముత్యాలు వేసుకుని కూర్చుని ఉంది. గౌను అంచుకు దగ్గరగా ఉండాలని నన్ను ఆ ఫోను పక్కనే నిలబెట్టారు.

పిల్ల నడిచి వచ్చింది. రుమాలు ఎడమచేతి మణికట్టు దగ్గర, గౌను చేతిలోకి దోపుకుంది. వాళ్ళ స్నేహితురాలు ఒకామె నేను అల్లిన తాడుతో ఇద్దరి చేతులూ కలిపి చుట్టింది. నాలుగు చేతులూ కలిపి, బిగించి ముడి వేసింది. ఇక ఒకరికొకరు మాట ఇచ్చుకోవడం మొదలుపెట్టారు. పెళ్ళికొడుకు తన కాగితంలోది చూడకుండా చెప్పాడు. పిల్ల వంతు వచ్చింది. మూడు మాటలు చెప్పిందో లేదో, ఏడుపు ముంచుకొచ్చింది. కళ్ళు, ముక్కు అన్నీ ఏకమయ్యాయి. తుడుచుకుందామంటే చేతులు కట్టేసి ఉన్నాయి. పెళ్ళికొడుకు చేతులూ కట్టేసే ఉన్నాయి. భుజానికి చెంప రాసుకోబోతే ముసుగు అడ్డం వచ్చింది. వచ్చినవాళ్ళు ముద్దుగా నవ్వుతూ ఫోనుల్లో తీసుకుంటున్నారు గానీ ఒక్కరూ కదలరు. తీరా పెళ్ళినాటి కన్నీళ్ళ కోసం ముప్పై ఏళ్ళుగా దాచిన రుమాలు ఆమె చేతి దగ్గరే ఉంది, ఆమెకే అందదు.

అప్పుడు నా పక్కన ఫోనులోంచి తల్లి అరిచింది. "ఎవరైనా తుడవండి! ఎవరైనా నా బిడ్డ ముఖం తుడవండి!"

గొర్రెల అరుపుల్లో, నవ్వుల్లో ఆ గొంతు ముందుకు పోలేదు. నాకు మాత్రం ఆ ఇంగ్లీషులో ఒక్క ముక్క కూడా తప్పిపోలేదు. అప్పగింతలప్పుడు మా పాప ఏడుస్తుంటే తలుపేసిన గదిలో నేనూ అదే మాట అరిచాను. అక్కడ బాజాల్లో ఎవరికీ వినబడలేదు.

సూది డబ్బా కింద పెట్టి ముందుకు నడిచాను. ఆమె చేతి దగ్గర దోపిన రుమాలు మెల్లగా లాగాను. ఒక కన్ను తుడిచాను. "రెండోది కూడా" అంది, ముక్కు ఎగబీల్చి నవ్వుతూ. గడ్డం పట్టుకుని ఆమె ముఖాన్ని ఫోను వైపు తిప్పి, వాళ్ళమ్మకు బాగా కనబడేలా, నిదానంగా రెండోదీ తుడిచాను.